పెట్టె లోపలి మనిషి

గొళ్లెం పడింది. పడ్డాక గుర్తొచ్చింది, చెప్పలేదని. ప్రతిసారీ ఇంతే చిన్నోడికి. బయట ఉన్నంతసేపూ నాలుక చివర కూర్చుని, అన్న మొహం చూడగానే గొంతులోకి జారుకునే మాట, ఇనప గొళ్లెం కొక్కెంలో టక్కుమనగానే మాత్రం తల దువ్వుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు సింగారంగా నిలబడుతుంది: అన్నా, ఇక నేను ఈ పెట్టెలోకి రాను. ఇప్పుడెవరికి చెప్పాలి, చెక్క గోడలకా, మందు తొట్టికా? పొద్దున పళ్ళు తోముకుంటూ చెబుదామనుకున్నాడు, అన్న నోటి నిండా నురగ ఉంది, నోరు ఖాళీగా లేని మనిషికి అలాంటి మాట చెప్పకూడదనిపించింది. లారీ ఎక్కాక చెబుదామనుకున్నాడు, అన్న గేరు మారుస్తూ ఈల అందుకున్నాడు, ఈల వేసే మనిషిని ఆపి చెప్పే మాటేనా అది. షీటు డబ్బా భుజానికెత్తుకుని పెట్టె మెట్టెక్కుతూ చివరిసారి వెనక్కి తిరిగాడు. అన్న ఆకాశం వంక చూస్తూ, "మబ్బుగా ఉందిరా, గంట పైనే పడుతుంది. ఒంటికి వెళ్ళొచ్చావా?" అన్నాడు. వెళ్ళొచ్చానన్నాడు చిన్నోడు. ఎన్నో నెలలుగా కూడగట్టుకున్న ధైర్యం ఆ ఒక్క ముక్కకే ఖర్చయిపోయింది. చిన్నోడని అందరూ పిలవడమే గానీ చెవుల మీద జుట్టు నెరిసి ఎన్నాళ్ళయిందో. అయినా ఆ గొంతు 'వెళ్ళొచ్చావా' అని అడిగితే నిక్కరేసుకున్నవాడిలాగే తల ఊపుతాడు.

చీకట్లో చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. డబ్బా మూత తీసి, చుట్ట చుట్టిన షీటును వెనక గోడకు ఆనించి, పైన పట్టీ బిగించి, కిందికి వదిలి, అంచు వెంట అరచేయి నిమిరి, ముడత లేదని తెలుసుకుని, గోడ మీద వేలి కణుపుతో కొట్టాడు. బయట అన్న లెన్సు మూత తీశాడు. అంతే, ఎదుటి గోడలో గుండెత్తున ఉన్న ఆ చిన్న గుండ్రటి కంతలోంచి పగలంతా లోపలికి వచ్చి షీటు మీద తలకిందులుగా వేలాడింది. ఇదే కెమెరా. ఊళ్ళవాళ్ళు పెట్టె అంటారు. లారీ వెనక గది అంత పెట్టె, గది అంత కెమెరా, దాని కడుపులో ఒక మనిషి. గోడంత ఫోటో కావాలంటే గోడంత షీటు పట్టే కెమెరా కావాలి, ఆ షీటు తగిలించడానికీ దించడానికీ లోపల ఒకడుండాలి, మూత తెరిచి ఉన్నంతసేపూ వాడు బయటికి రాకూడదు, తలుపు సందులోంచి దారమంత వెలుగు పడినా షీటు మాడిపోతుంది. ఇవాళ్టి ఫోటో ఆ ఎదుటి సబ్బుల ఫ్యాక్టరీది. మూతపడి కూలగొట్టబోతున్నారు, అందులో పనిచేసినవాళ్ళంతా కలిసి, పోయే ముందు దాన్ని ఒక్కసారి నిండుగా తీసిపెట్టమన్నారు. షీటు మీద ఫ్యాక్టరీ పైనుంచి కిందికి దిగింది, పొగగొట్టం బావిలోకి వదిలిన తాడులా వేలాడుతోంది, దాని కింద మబ్బులు నేల మీద పొగలా పాకుతున్నాయి. వీధి మాత్రం చూరుకి అంటుకుని ఉంది, అక్కడ మనుషులు బల్లుల్లా నడుస్తున్నారు. వాళ్ళెవరూ ఫోటోలో పడరు. గంటసేపు తెరిచి ఉంచే కంటికి నడిచే మనిషి లేనట్టే. గోడలు పడతాయి, స్తంభాలు పడతాయి, ఎక్కడైనా కూర్చుని కదలని ముసలాయన ఉంటే పడతాడు. నడిచినవాడు పడడు.

ఈ సంగతి నాన్న చెప్పాడు. పెట్టె కట్టింది ఆయనే, చెక్కలకు నల్లరంగు పులిమి, సందుల్లో తారు పూసి, మధ్యాహ్నమంతా లోపల కూర్చుని సూది మొనంత వెలుగు ఎక్కడెక్కడ కారుతోందో వెతికి పూడ్చేవాడు. మొదటిసారి లోపలికి పంపింది అన్ననే, పెద్దవాడు కదా అని. తలుపు మూసిన కాసేపటికి లోపల్నించి చెక్క మీద గోళ్ళతో గీరుతున్న చప్పుడు. నాన్న తలుపు తీస్తే అన్న కళ్ళు తేలేసి, చొక్కా తడిసిపోయి, మాట రాక, నేల మీద కూర్చుని గాలిని గుటకలు గుటకలుగా మింగాడు. నాన్న నవ్వాడు. "వీడు మీసాలొచ్చాక కూడా దీపం ఆర్పనివ్వడు" అన్నాడు. ఆ నవ్వుకి అన్న మొహం ఎలా అయిందో చిన్నోడికి ఇప్పటికీ తెలుసు, దాన్ని చూడలేకే "నేను వెళ్తా నాన్నా" అన్నాడు. ఆ మాట అన్నది జాలితో, లోపలికి వెళ్ళాక మాత్రం బయటికి రాబుద్ధి కాలేదు. అమ్మ బకెట్టు తీసుకుని వాకిట్లో నీళ్ళు చల్లుతోంది, నీళ్ళు పైకి పడుతున్నాయి! అమ్మ పాదాలు చూరుకి అంటుకున్నాయి, జడ పైకి లేచి నిలబడింది, పక్కింటి కుక్క ఆకాశం మీద పడుకుని గోక్కుంటోంది. ఇంత వింత చూడనిచ్చి పైగా శభాష్ అంటారా అని నవ్వుకున్నాడు. ఎవరూ తోయలేదు తనని. అదే కదా చెప్పుకోలేనిది. తోసుంటే ఎదురు తిరగొచ్చు, నెత్తిన వేసుకున్నది దించడానికి ఎవరితో పోట్లాడాలి?

గొళ్లెం కూడా అప్పుడు లేదు. ఒక ఊళ్ళో సంతకొచ్చిన మనిషెవరో లోపలేముందో చూద్దామని తలుపు లాగేశాడు, ఊరంతా నిలబడి తీయించుకున్న షీటు కళ్ళముందే నల్లబడిపోయింది. ఆ సాయంత్రం అన్న కమ్మరి దగ్గర కూర్చుని ఈ గొళ్లెం చేయించుకొచ్చాడు. "బయటివాళ్ళు తీయకుండా" అన్నాడు. నిజమే. బయటివాళ్ళు తీయకుండానే పెట్టాడు. లోపలివాడు కూడా తీయలేడని అన్నకి తట్టలేదు, చిన్నోడికీ తట్టలేదు, పెళ్ళయ్యాక చిన్నోడి భార్యకే తట్టింది. "లోపల నీకేమన్నా అయితే?" అంది మొదటి వారమే. ఏమవుతుందన్నాడు. ఆవిణ్ణి కూడా ఈ షీటు మీదే చూశాడు మొదట, కుట్టుమిషన్ల కంపెనీ వాకిట్లో ఆడవాళ్ళంతా బెంచీల మీద వరసగా కూర్చుంటే, ఆరోజు ఎండ మండిపోతోంది గనక కాసేపట్లోనే అయిపోయే ఫోటో, అందరూ బొమ్మల్లా బిగుసుకున్నారు, ఒక్కత్తి మాత్రం ఈగని తోలుకుంటూ, పక్కమ్మాయిని గిల్లుతూ, ఆవలిస్తూ... ఫోటోలో ఆ అమ్మాయి మొహం ఉండాల్సిన చోట ఒక తెల్లటి మసక. ఆ మసక ఎవరిదో కనుక్కోవడానికి మళ్ళీ ఆ ఊరు వెళ్ళాడు. "నన్ను తలకిందులుగా చూసి చేసుకున్నావు, అందుకే మన కాపురం ఇలా తగలడింది" అంటుంది ఇప్పటికీ, కూరలోకి ఉప్పు వేస్తూ, చెయ్యి ఆపకుండా. ఆవిడెప్పుడూ దేనికీ కదలకుండా కూర్చోలేదు. కదలకుండా కూర్చోవడం ఒక్కటే వచ్చినవాడు తను.

కూర్చున్నాడు స్టూలు మీద, షీటు పక్కన, వెలుగు దారిలోకి మోకాలు రాకుండా. వచ్చిందంటే నీడ పడుతుంది, నీడ పడినచోట ఫ్యాక్టరీ ఉండదు. ఫోటోలు కడిగే మందు వాసన. చెక్క వాసన. తన వాసనే. ఈమధ్య ఇంకోటి మొదలైంది, ఎవరికీ చెప్పనిది, ఆవిడకీ చెప్పనిది: మూత తీసిన కాసేపటికి గోడలు ఒక్కడుగు దగ్గరికి జరుగుతాయి. జరగవని తెలుసు, నాన్న కొట్టిన మేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి, చేయి చాపి తడుముకుంటాడు కూడా. అయినా జరుగుతాయి. గుండె చెవుల్లోకి ఎక్కుతుంది. గాలి ఉంటుంది గానీ సరిపోదు. అప్పుడు తలుపు వంక చూడకుండా ఉండడమే పెద్ద పని. అన్న చిన్నప్పుడు నేల మీద కూర్చుని మింగిన గాలి ఉందే, అది ఇన్నాళ్ళు ఈ పెట్టెలోనే తిరుగుతూ ఉండి ఇప్పుడు తన గొంతుకి అడ్డం పడినట్టు. ఎవరితో అంటాడు ఈ మాట. చీకటి మనిషి, చీకట్లో సూదిలో దారం ఎక్కిస్తాడు అని అన్న ప్రతి ఊళ్ళోనూ చెప్పుకుంటాడు తన గురించి, అలా చెప్పేటప్పుడు భుజం మీద చెయ్యేస్తాడు, ఆ చెయ్యి బరువు బాగుంటుంది. అదీ ఒక గొళ్లెమే.

పడవలు కట్టే మేస్త్రీ భుజం మీద చెయ్యేసే రకం కాదు. పోయిన వారం ఇంటి కిటికీ రెక్క ఊడితే చిన్నోడు బిగిస్తుంటే పక్కన నిలబడి చూసి, "ఉలి పట్టుకోవడం ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా నాన్న" అన్నాడు చిన్నోడు. "మరి ఆ డబ్బాలో ఏం చేస్తున్నావయ్యా? నదికి ఎగువన పెద్ద పని ఉంది, పడవలు, ఆరుబయట పని. నీకు చోటుంచుతా. వచ్చే వారం ఇదే రోజు, మధ్యాహ్నం లాంచీకి రా. రాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటా, ఏమనుకోకు." ఆరుబయట. ఆ మాట నోట్లో పెట్టుకుని వారమంతా చప్పరించాడు. ఎండ మెడ మీద పడుతుంది, రంపం పొట్టు గాలికి ఎగిరిపోతుంది, మనుషులు కాళ్ళ మీద నిలబడి కనిపిస్తారు. పొద్దున బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఇవాళ చెబుతావా?" చెబుతానన్నాడు. "చెప్పేసి పెట్టెలోకి వెళ్ళు, పెట్టెలోకి వెళ్ళి చెప్పకు." నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "నీ పనిముట్ల సంచి నేను పట్టుకొస్తా. నేను వెనక లాంచీకి వస్తాలే, ముందు నువ్వెక్కు. నేనొచ్చేసరికి ఆ తలుపు మూసుంటే నీ బదులు నేనే చెప్పేస్తా, ఆనక నన్నేం అనకు" అంది.

వచ్చింది. షీటు మీద కుడి అంచులోంచి, అంటే వీధిలో ఎడమ నుంచి, చూరుకి వేలాడుతూ ఒక ఆకుపచ్చ చీర, ఒక భుజం వంగిన నడక, ఆ భుజానికి సంచి. బరువైన సంచి, ఉలీ సుత్తీ రంపం ఉన్న సంచి, తలకిందుల లోకంలో బుడగలా పైకి లేస్తోంది. లేచాడు స్టూలు మీంచి. కూర్చున్నాడు. ఆవిడ ఆగి తలుపు వైపు చూసింది, మూసుంది, గొళ్లెం పడుంది, ఆ చూపు ఇక్కడికి తగిలింది. అన్న దగ్గరికి నడిచింది. ఇప్పుడు ఇద్దరూ లెన్సు ఎదురుగా ఉన్నారు, షీటు మీద జానెడు మనుషులు, చెక్కల్లోంచి గొంతులు వస్తున్నాయి గానీ మాటలు రావడం లేదు, నీళ్ళలో మునిగి విన్నట్టు బుడబుడ. ఆవిడ చెయ్యి ఊగుతోంది. పెట్టెని చూపిస్తోంది, నది వైపు చూపిస్తోంది. అన్న చేతిలో లెన్సు మూత, దాన్ని తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. చిన్నోడు షీటుకి మొహం ఆనేంత దగ్గరికి వంగాడు, వెలుగు దారికి పక్కగా. అన్న నోరు. తలకిందులైన నోరు. పైకి వంగిందా, కిందికి వంగిందా? ఇన్నేళ్ళుగా మనుషుల్ని నడకని బట్టి పోల్చుకుంటాడు, వేలాడే బోర్డుల మీద అక్షరాలు తిరగేసి చదివేస్తాడు, ఒక్కటి మాత్రం ఎప్పటికీ రాలేదు: నవ్వూ ఏడుపూ. తలకిందులైతే రెండూ ఒకటే వంపు. తల తిప్పి చూశాడు, మెడ విరిగేలా వంచి చూశాడు, మబ్బు కమ్మి షీటు మసకేసింది. నవ్వుతున్నాడా? నాన్న తనని చూసి నవ్విన నవ్వు ఇన్నాళ్ళకి ఇంకొకరి మీద తీర్చుకుంటున్నాడా, 'వీడికీ పెట్టె పడదా' అని? నవ్వుతుంటే ఆవిడ ఊరుకోదు. ఆవిడ ఊరుకుంది. సంచి నేల మీద పెట్టింది, అంటే చూరుకి అంటించింది, కొంగుతో మొహం తుడుచుకుని పక్కకి జరిగి షీటు అంచు దాటిపోయింది.

అన్న ఒక్కడే మిగిలాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు, తిరిగినంతసేపూ లేనివాడే. తర్వాత డ్రైవరు సీటు వెనక ఉండే మడత కుర్చీ తెచ్చి, విప్పి, ఫ్యాక్టరీ గేటుకీ లెన్సుకీ సరిగ్గా మధ్యలో వేసి, కూర్చున్నాడు. ఫోటోలోనా? ఇంత బతుకులో అన్న ఎప్పుడూ ఫోటోలో పడలేదు. పిలిచినా పడేవాడు కాదు, "వండినవాణ్ణి గిన్నెలో వెతుకుతారేంట్రా" అనేవాడు. ఇప్పుడు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మెడ నిలబెట్టి, లెన్సులోకి చూస్తూ కదలడం లేదు. లెన్సులోకి చూస్తే లోపలివాడు కనపడడు, నల్లటి గుండ్రం కనపడుతుంది అంతే, అది అన్నకి తెలుసు. అయినా చూస్తున్నాడు. చిన్నోడు కూడా చూస్తున్నాడు. ఎంతసేపు అలా చూసుకున్నారో, ఒకడు తలకిందులుగా వెలుగులో, ఒకడు నిటారుగా చీకట్లో. అన్న ఈల కూడా వేయడం లేదు. వీధిలో సైకిళ్ళు అన్న ఒళ్ళోంచి దూసుకుపోతున్నాయి, ఒక్కటీ పడదు, అన్న మాత్రం కొద్దికొద్దిగా షీటులోకి ఇంకుతున్నాడు. సగంలో వచ్చాడు గనక సగమే పడతాడు, గుండెలోంచి గేటు చువ్వలు కనపడతాయి. గంట అయిపోయింది. అది చిన్నోడి ఒంటికి తెలుసు, మబ్బు ఎంత పలచబడిందో, షీటు ఎంత తాగిందో. ఇక మూత పెట్టాలి. అన్న లేవలేదు. మూత ఒళ్ళో ఉంది. మబ్బు విడిపోయి ఎండ వచ్చింది, ఫ్యాక్టరీ గోడ భగ్గుమంది, ఇక ఒక్కో క్షణం షీటుని తినేస్తుంది, లే అన్నా. లేవలేదు. గేటు చువ్వలు తన మీంచి చెరిగిపోయేదాకా కూర్చుంటాడా, నిండు మనిషిగా పడేదాకా? లేస్తే మూత పెట్టాలి, మూత పెడితే గొళ్లెం తీయాలి, గొళ్లెం తీస్తే లోపలివాడు బయటికొస్తాడు. అందుకా? షీటు మాడినా సరేనా? గోడలు ఒక్కడుగు జరిగాయి. ఇంకో అడుగు జరిగాయి. గాలి అయిపోతోంది. చిన్నోడు లేచి, గోడ వెంట వీపు రాసుకుంటూ, వెలుగు దారి తొక్కకుండా, ముందు గోడ దాకా వచ్చి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయని పని, చాచిన అరచేతిని లోపల్నించి లెన్సు మీద పెట్టేశాడు.

లోకం ఆరిపోయింది. అరచేతిలో ఎండ వెచ్చగా తగులుతోంది. వేళ్ళ సందులు ఎర్రగా వెలుగుతుంటే ఇంకా గట్టిగా అదిమాడు. తీస్తే షీటు పోతుంది, తీయకపోతే తను ఇలాగే నిలబడాలి. బయట కుర్చీ కాలు నేల మీద గీరిన చప్పుడు. అడుగులు. గాజుకి అవతల, అరచేతికి అంత దగ్గర్లో, ఎవరో ఆగారు. చూస్తున్నారు. నల్లటి గుండ్రం ఉండాల్సిన చోట ఒక చెయ్యి, దాని గీతలు, దాని మందు మచ్చలు. చాలాసేపు. తర్వాత మెత్తగా మూత వచ్చి కూర్చుంది, వెచ్చదనం పోయింది.

షీటు దించి, చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించి, గోడ మీద కొట్టాడు. గొళ్లెం లేచింది. తలుపు బార్లా తెరుచుకుంది, ఎండ మొహం మీద చెంబుడు నీళ్ళలా పడింది. కళ్ళు చిట్లించుకుంటే ముందు అన్న, వెనక ఆవిడ, ఇద్దరి కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. అన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవ్వు కాదన్నమాట.

"అద్దం మీద చెయ్యెందుకు పెట్టావురా? తుడవలేక చావాలి ఇప్పుడు" అన్నాడు అన్న.

"నువ్వు లేవకపోతివి."

"ఊపిరాడటం లేదంట కదా లోపల నీకు. ఈ అమ్మాయి చెప్పింది."

చిన్నోడు ఆవిడ వంక చూశాడు. "నీకెవరు చెప్పారు?"

"పక్కలో పడుకునేది నేనేగా. నిద్దట్లో గోడ గీరుతుంటావు" అంది. "లాంచీ ఒడ్డుకొచ్చింది బావగారూ. ఆయన్ని తిట్టేదేమన్నా ఉంటే తొందరగా తిట్టండి."

"చెప్పొచ్చుగా నాకు" అన్నాడు అన్న, తిట్టకుండా. "అందరికంటే ముందు నాకు తెలియాల్సిన భయంరా అది."

"చెబుదామనే ప్రతిసారీ. గొళ్లెం పడ్డాకే నోరు లేస్తుంది."

అన్న తలుపుని చూశాడు, గొళ్లేన్ని చూశాడు, లోపలి నలుపుని చూశాడు. గుటక మింగాడు. అదే గుటక. "జరుగు" అన్నాడు.

"ఎక్కడికి?"

"షీటు కడగొద్దా? సాయంత్రం దాకా ఉంచితే వేడికి పాడవదూ? ఎవరో ఒకళ్ళు చెయ్యాలిగా."

"నువ్వా?"

"మరి మీ వదినని పిలిపించనా?" మెట్టెక్కి గుమ్మం రెండు వైపులా పట్టుకుని ఆగాడు. వెనక నుంచి చూస్తే చొక్కా వీపు మీద చెమట ఒక్కసారిగా పాకడం కనిపించింది. ఒక కాలు లోపల పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. అటు తిరిగే అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో: "తలుపు మూసెయ్యరా. గొళ్లెం మాత్రం వెయ్యకు."

వేయలేదు. మూసి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎవరో ఒకరు ఆనుకోకపోతే వీధిలో పోయేవాడు లాగేస్తాడు. చెక్కలోంచి అన్న ఊపిరి వీపుకి తగులుతోంది. "ఎర్ర దీపం కుడిచేతి వైపు, భుజం ఎత్తున" అన్నాడు. లోపల తడుముడు, ఏదో కిందపడింది, ఒక బూతు, తర్వాత స్విచ్చి చప్పుడు. "వెలిగిందిరా!" నదిమీద లాంచీ కూసింది. చిన్నోడు కదల్లేదు. పెట్టెకి లోపలున్నా బయటున్నా దాన్ని ఆనుకునే ఉన్నాడు, ఇంకో కూత కూస్తుంది, తర్వాత తాడు విప్పేస్తారు, ఇప్పుడేం చెయ్యాలి అని అన్న అడుగుతాడు, చెప్పాలి, కడగడం అయ్యేదాకా చెబుతూనే ఉండాలి...

ఆవిడ సంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది. భుజంతో అతన్ని పక్కకి తోసి, తలుపుకి తన వీపు ఆనించింది. "నడువు."

"అన్నకి చెప్పేవాళ్ళుండాలి..."

"తొట్టిలో ముందు మందు, తర్వాత నీళ్ళు, షీటుని బొమ్మ పడిన పొట్ట మీద కాదు, వీపు మీద ఆడించాలి. నిద్దట్లో గోడ గీరడమే కాదు నువ్వు, మాట్లాడతావు కూడా. బావగారూ, దీపం వెలిగిందిగా? ఇప్పుడు డబ్బా మూత తీయండి, నెమ్మదిగా."

"ఎవరది?" అంది లోపలి గొంతు.

"నేనే. ఆయన బయల్దేరాడు."

లోపల డబ్బా మూత ఊడిన చప్పుడు. ఊపిరి. తర్వాత, "వాణ్ణి చూసుకుని నడవమను. తలకిందుల మనిషి, గుమ్మాలకి గుద్దుకుంటాడు."

చిన్నోడు సంచి భుజానికెత్తుకున్నాడు. బరువు కిందికే లాగింది. నదికి దారి లారీ చుట్టూ తిరిగి, లెన్సు ముందు నుంచే. మడత కుర్చీ అక్కడే ఉంది, ఖాళీగా, ఎండలో. పొగగొట్టం పైకి వెళ్ళింది, మబ్బులు దాని పైన ఉన్నాయి, అంత పైన. కుర్చీ పక్కన ఒక్క క్షణం అతని కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి, ఇన్నేళ్ళ అలవాటు, లెన్సు ఎదురుగా కదలకూడదని. మూత పెట్టే ఉంది. పెట్టి లేకపోయినా, ఇక్కడ ఆగినవాడే షీటు మీద పడతాడు.

అతను ఆగలేదు.